మొదటి పళ్ళెం

ద్రాక్షతోటలకు మందు కొట్టడం అయిపోయి, కోతలు ఇంకా మొదలవని ఆ కాస్త తెరిపిలో, పోర్చుగల్ ఉత్తరాన మిన్యు కొండల్లోని సర్దోయ్ర ఊరివాళ్ళు ఏటా ఒక్క రోజు బస్సెక్కి దేశం చూడడానికి బయలుదేరతారు. ఏర్పాటంతా ఫాదర్ అబీలియుది. ఎక్కడికి వెళ్ళాలో ఆయన చెబుతాడు. ఏం తినాలో మాత్రం ఆడవాళ్ళు ముందే తేల్చేసుకుంటారు. దారిలో హోటల్లో కూర్చుని తినడమంటే ఆ ఊళ్ళో తలవంపులు. ఇంట్లో పొయ్యి లేదా, చేతులు పడిపోయాయా అని అడుగుతారు. అందుకని బస్సు కింది అరలో పెట్టెలకు బదులు బుట్టలుంటాయి. బుట్టల పక్కన వెదురు అల్లిక వేసిన పెద్ద పెద్ద వైన్ బుడ్లు, వాటి మధ్య దుప్పటి చుట్టిన అకార్డియన్ పెట్టె. చూడబోయే చర్చి ఎన్ని వందల ఏళ్ళ నాటిదైనా కావచ్చు, మధ్యాహ్నం చెట్టు నీడన గుడ్డ పరిచి బుట్టలు విప్పకపోతే ఆ ప్రయాణం ప్రయాణమే కాదు.

ఆ ఏడు అల్కొబాస మఠం చూడాలన్నాడు ఫాదర్. ఎటెల్వీన అందరికంటే ముందు వచ్చి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. ఆమెకు అరవై దాటాయి. మొగుడు లౌరీందు పోయి ఏడేళ్ళయినా ఒంటి మీద నల్లబట్ట తీయలేదు. నోరు మాత్రం ఏ రంగు బట్టకూ లొంగే రకం కాదు. బుట్టను కింది అరలో పెట్టించి, గుడ్డ సర్దుకుని కూర్చుందో లేదో, బస్సు కొండ ఎక్కి లోంబ పేట మలుపులో ఆగింది. మలుపులో నిలబడ్డ ముగ్గురు ముసలమ్మల్లో ఒకరు ఆమె అక్క ఎర్మీనియ.

అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుని ఏడేళ్ళయింది. అక్క పొద్దుటి పూజకు వస్తే చెల్లెలు పెద్దపూజకు వచ్చేది. చెల్లెలు గురువారం సంతకు వెళితే అక్క ఆ వారం ఉల్లిపాయలు లేకుండానే వండుకునేది. అక్క పేరెత్తితే ఎటెల్వీన లేచి వెళ్ళిపోయేది కాబట్టి ఊళ్ళో అందరూ ఆమె దగ్గరకు ఆ కబుర్లు మొయ్యడం మానేశారు. ఈ ప్రయాణానికి ఎర్మీనియ వస్తుందని ఫాదర్ ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు మానేస్తారని ఆయనకు తెలుసు.

డ్రైవరు బెల్మీరు కింది అర తెరిచి ఎర్మీనియ బుట్టను లోపలికి తోశాడు. కిటికీలోంచి చూస్తున్న ఎటెల్వీనకు ఒళ్ళు మండింది. ఆ బుట్ట సరిగ్గా తన బుట్టను ఆనుకునే కూర్చుంది. గబగబా దిగి, తన బుట్ట లాక్కుని, బస్సులోకి తెచ్చి తల మీది సామాన్ల అరలో ఇరికించింది.

"అదేంటి తల్లీ, నా నెత్తిన పడితేనో?" అన్నాడు బెల్మీరు.

"పడితే మంచిదే. లోపల కాల్చిన కోడుంది. తలకాయలో కాస్త రుచైనా చేరుతుంది."

బస్సంతా నవ్వింది. వెనక సీట్లోంచి ఒక్క గొంతు మాత్రం నవ్వలేదు. ఎటెల్వీన తిరిగి చూడలేదు గానీ, ఏ గొంతు నవ్వలేదో ఆమెకు తెలుసు.

గొడవ పంది దగ్గర మొదలైంది. ఆ కొండల్లో చలికాలం వచ్చి ఇంట్లో పందిని కోసిన రోజు, చుట్టూ ఉన్న ఇళ్ళకు పళ్ళేలు వెళ్ళాలి. వేడివేడి నెత్తురన్నం, కార్జం వేపుడు, వీపు మాంసం రెండు ముక్కలు, పైన తెల్లగుడ్డ. వాళ్ళింట్లో పంది కోసిన రోజు ఆ పళ్ళెం అలాగే నిండి తిరిగొస్తుంది. తల్లి పోయినప్పటి నుంచి ఎర్మీనియ ఇంటి మొదటి పళ్ళెం కొండ దిగి చెల్లెలింటికే వచ్చేది. లౌరీందు పోయిన పది రోజులకు ఎర్మీనియ ఇంట్లో పందిని కోశారు. లోంబ పేటలో ప్రతి గడపకూ పళ్ళెం వెళ్ళింది, సర్దోయ్రలో సగం ఊరికి వెళ్ళింది. ఎటెల్వీనకు రాలేదు.

ఆ రోజు చీకటి పడేదాకా ఆమె గేటు వైపే చూసింది. తర్వాత లెక్క వేసుకుంది. ఒంటరి ఆడది పందిని పెంచదు, కోయదు. ఇక పళ్ళెం తిరిగి రాదు. తిరిగి రాని ఇంటికి పంపడం దేనికి? సొంత అక్క తనను ఆ లెక్కలో తీసేసిందని తేల్చుకున్నాక ఎటెల్వీన మనసు గడ్డకట్టింది. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడమంటే అడుక్కోవడమే అనుకునే మనిషి ఆమె.

బస్సు పోర్తు నగరం దాటి దక్షిణానికి తిరిగింది. పక్క సీటు గ్రసీంద ఊరి వార్తలన్నీ మోసే మనిషి, మంచిది, కడుపులో ఏదీ దాచుకోలేదు. చాలాసేపు ఓపిక పట్టి, ఇక పట్టలేక చెవిలో చెప్పింది.

"నీకు కోపమొస్తే రానీ, నేను చెప్పేస్తా. మీ అక్క ఇల్లు అమ్మేస్తోంది. ద్రాక్ష కోతలు కాగానే సెతూబల్లో కూతురి దగ్గరకెళ్ళి అక్కడే ఉండిపోతుందట."

ఎటెల్వీన అలవాటు ప్రకారం లేవబోయింది. కదులుతున్న బస్సులో ఎక్కడికి లేచి పోతుంది? మళ్ళీ కూర్చుంది.

"నన్నెందుకడుగుతావ్? పోనీ. ఆవిడిష్టం."

"నేనేమీ అడగలేదమ్మా, చెప్పానంతే."

అకార్డియన్ మొదలైంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎటెల్వీన కూడా కొట్టింది, కానీ పాట ఒకటి, ఆమె చేతులు ఒకటి. సెతూబల్ అంటే ఎటెల్వీనకు దేశానికి అటు చివర. ఏడేళ్ళుగా కొండ మీద అక్క ఉందన్న ధీమాతోనే ఆమె అక్క మీద కోపంగా ఉండగలిగింది. సాయంత్రాలు లోంబ పేట పొగ గొట్టాల్లో ఏ పొగ అక్కదో ఆమెకు తెలుసు. కోతలయ్యాక ఆ పొగ ఉండదు. అక్కతో మాట్లాడాలి. ఇవాళే మాట్లాడాలి. ఎలా మొదలుపెట్టాలో మాత్రం ఆమెకు తోచలేదు.

అల్కొబాస మఠం గడప దాటగానే బస్సులో అంత గోల చేసిన మందంతా నోరు మూసుకుంది. లోపల బంగారం లేదు, బొమ్మలు లేవు, గోడలకు నీలిరంగు పింగాణీ పలకలు లేవు. తెల్లటి రాతి స్తంభాలు రెండు వరసల్లో లేచి లేచి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి వెళ్ళాయి. ఇంత ఎత్తుకు రాయిని మోసిన మనుషులు ఏం తిన్నారో అనుకుంది ఎటెల్వీన. ఆమె ఊరి చర్చిలో అంగుళం ఖాళీ లేకుండా చెక్కిన బంగారు పూతే గొప్పని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది. ఏమీ లేని గోడ కూడా మనిషిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టగలదని ఆ రోజు తెలిసింది. నిజంగానే కూర్చుంది, మోకాళ్ళ నొప్పుల సంగతి మరిచిపోయి.

శిలువ ఆకారంలో కట్టిన ఆ చర్చి అడ్డచేతుల్లో అటొకటి, ఇటొకటి సమాధులు. ఒకదానిలో పేద్రు రాజు, రెండోదానిలో అతను ప్రాణంగా ప్రేమించిన ఇనేష్. ఆమెను అతని తండ్రే చంపించాడు. కథ పోర్చుగల్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కానీ ఎటెల్వీన సమాధులను కళ్ళతో చూడడం అదే మొదటిసారి. రాయిని లేసు అల్లినట్టు చెక్కారు. దేవదూతలు ఆరుగురు ఇనేష్ తల కింద చేతులు పెట్టి, ఆమె నిద్ర చెదరకుండా ఎత్తి పట్టుకున్నట్టున్నారు. ఆ దూతల వేలి గోళ్ళు కూడా కనిపిస్తున్నాయి.

"పాదాలకెదురు పాదాలు పెట్టి పడుకోబెట్టారు," అన్నాడు ఫాదర్ గొంతు తగ్గించి. "తీర్పు రోజు లేవగానే ఇద్దరూ ముందు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలని."

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. గ్రసీంద అయితే గట్టిగానే ఏడ్చింది. ఎటెల్వీన ఇనేష్ సమాధి దగ్గర నిలబడి తలెత్తింది. దూరంగా, రాజు సమాధి పక్కన, ఎర్మీనియ నిలబడి ఉంది. చిక్కిపోయింది అక్క. భుజాలు వంగిపోయాయి. అప్పుడే ఎర్మీనియ కూడా తలెత్తింది. ఇద్దరూ ఒక్కసారే చూపు తిప్పేసుకున్నారు, దొంగతనం చేస్తూ దొరికినట్టు.

మఠం వంటిల్లు చూశాక మళ్ళీ అందరికీ నోళ్ళు వచ్చాయి. పొగగొట్టం ఒక ఇల్లంత ఉంది. దాని కింద ఎద్దును ఎద్దుగానే కాల్చేవారట. ఏటి పాయను తవ్వి తెచ్చి వంటింట్లోంచి పారించారు. నీళ్ళకు బిందె పట్టుకుని వెళ్ళక్కర్లేదు, చేపలకు వల పట్టుకుని వెళ్ళక్కర్లేదు. సర్దోయ్ర ఆడవాళ్ళు రాతి తొట్టెలను తడిమి తడిమి చూశారు. సమాధుల దగ్గర కార్చిన కన్నీళ్ళకంటే ఆ తొట్టెల మీద పడిన అసూయే ఎక్కువ.

"వంటిల్లంటే ఇదమ్మా! నా మొగుడు కుళాయి బాగుచెయ్యమంటే ఈస్టర్ దాకా ఆగమంటాడు, వీళ్ళు ఏరునే ఇంట్లోకి తెచ్చుకున్నారు," అంది ఒకావిడ.

భోజనశాలలో సన్నటి ద్వారం ఒకటి ఉంది. ఆ సందులో పట్టని సన్యాసికి ఆ రోజు ఉపవాసమేనని చెప్పుకుంటారు. ఇంకేముంది, అందరి చూపులూ ఫాదర్ పొట్ట మీదికి వెళ్ళాయి.

"రండి ఫాదర్, ఒక్కసారి ప్రయత్నించండి!"

"నాకెందుకమ్మా? నేను సన్యాసిని కాను, ఊరి ఫాదర్ని. నా పొట్ట మీరు పెంచిందే. పట్టకపోతే పాపం మీది."

ఎటెల్వీన కూడా ఏదో అనబోయింది. నవ్వించే మాట నోట్లోనే ఉంది. కానీ అక్క ఆ గుంపులో నవ్వడం చూసి ఆగిపోయింది. ఎర్మీనియ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ నవ్వును చూసి చాలా కాలమైందని ఎటెల్వీనకు దుఃఖం వచ్చింది.

బస్సు సముద్రం వైపు వెళ్ళి, నజరేకి ఇవతల దేవదారు తోపు దగ్గర ఆగింది. కింది అర తెరిచారు. బుట్టల కోసం తోపులాట. ఎర్మీనియ వెనక సీట్లోంచి నడిచొచ్చి ముందు తలుపులోంచి దిగుతోంది. ఆమె ముందు నడవడం ఇష్టంలేక ఎటెల్వీన వెనక తలుపులోంచి దిగి, చెట్ల మధ్యకు వెళ్ళి, సముద్రపు గాలి పీల్చుకుని వెనక్కి తిరిగింది. బస్సు లేదు. డీజిల్ పోయించుకొస్తానని బెల్మీరు వెళ్ళిపోయాడు. ఆమె కోడి, ఆమె గుడ్ల అట్టు, ఆమె రొట్టె అన్నీ తల మీది అరలో కూర్చుని బెల్మీరుతో పాటు వెళ్ళిపోయాయి.

చెప్పుకుంటే సిగ్గు. బుట్ట పైన ఎందుకు పెట్టావంటారు. ఎందుకో అందరికీ తెలుసు కాబట్టి మళ్ళీ నవ్వుతారు. ఎటెల్వీన చేతులు వెనక్కి కట్టుకుని, భోజనం ముగించిన మనిషిలా తోపులో షికారు మొదలుపెట్టింది.

తోపంతా వాసనలే. ఉప్పుచేప వడలు, వెల్లుల్లి దట్టించిన పంది నడుము, మొక్కజొన్న రొట్టె, ఆలివ్‌నూనెలో నానిన మిరపకాయలు. ప్రతి గుడ్డ దగ్గరా ఒకే మాట.

"రా ఎటెల్వీనా, భోంచేద్దాం!"

"కానివ్వండి, కానివ్వండి."

ఆ దేశంలో తింటున్నవాడు ఎదుటి మనిషిని పిలవకుండా ముద్ద నోట్లో పెట్టడు. పిలిచినంత మాత్రాన కూర్చునేవాడూ ఉండడు. పిలవడం మర్యాద, కానివ్వండనడం మర్యాద. రాజుల కాలం నుంచీ ఇద్దరూ ఇలా మర్యాదగానే ఉన్నారు. ఎటెల్వీనకు కడుపులో పేగులు అరుస్తున్నాయి. అయినా గుడ్డ తర్వాత గుడ్డ దగ్గర కానివ్వండి, కానివ్వండి అంటూ తోపు చివరికొచ్చేసింది.

అక్కడ చివరి గుడ్డ ఎర్మీనియది. తోడు వచ్చిన లోంబ ముసలమ్మలు సముద్రం చూడ్డానికి వెళ్ళినట్టున్నారు. ఒక్కతే కూర్చుని రొట్టె కోసుకుంటోంది. వెనక్కి తిరిగితే పారిపోయినట్టు ఉంటుంది. ముందుకు వెళ్ళడానికి దారి లేదు, ఇసుక దిబ్బ అడ్డం. ఎటెల్వీన నిలబడిపోయింది.

ఎర్మీనియ నీడను చూసింది. నీడ ఎవరిదో ఆమెకు తెలుసు. తలెత్తలేదు. కత్తి ఆగింది, మళ్ళీ కదిలింది. ఎంత కోపమున్నా తింటున్న చోట మనిషి నిలబడితే నోరు మూసుకుని నమలడం ఆమె తల్లి నేర్పలేదు.

"రండి, భోంచేద్దాం," అంది రొట్టెతో చెబుతున్నట్టు. పరాయి మనిషిని పిలిచినట్టు.

ఏడేళ్ళలో అదే మొదటి మాట. కానివ్వండి అనాలి. అనేసి వెళ్ళిపోతే అంతా మర్యాదగా ముగిసిపోతుంది. కోతలయ్యాక అక్క సెతూబల్ వెళ్ళిపోతుంది. ఎటెల్వీన ఆ మాట అనలేదు. ఆమె వంగి, ఒక చెయ్యి నేల మీద ఆనించి, అమ్మా అని మూలుగుతూ గుడ్డ మీద కూర్చుంది.

ఎర్మీనియ కత్తి జారి ఆలివ్ గిన్నెలో పడింది.

"ఇదేంటి, కూర్చున్నావ్?"

"పిలిచావుగా."

"పిలిస్తే కూర్చుంటారా ఎవరైనా?"

"నాకాకలేస్తోంది. నా బుట్ట బస్సులో ఉండిపోయింది."

ఎర్మీనియ గిన్నెలోంచి కత్తి తీసి తుడిచింది. "మరి ఉండిపోదూ? కింద పెడితే నా బుట్ట గాలి తగిలి నీ కోడికి జబ్బు చేస్తుందని పైన పెట్టుకున్నావుగా. అంతా చూశాలే. తిను."

రొట్టె విరిచి ఇచ్చింది. పంది పేగులో కూరి పొగలో ఆరబెట్టిన షోరీసు మాంసం చక్రాలుగా కోసి రొట్టె మీద పెట్టింది. ఎర్మీనియ చేతి షోరీసు కోసం ఒకప్పుడు బిషప్ గారి వంటవాడు లోంబ పేటకు మనిషిని పంపేవాడు. ఎటెల్వీన ఆబగా నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపింది. ఓక్ పొగ వాసన లేదు. వైన్లో నానిన వెల్లుల్లి లేదు. మైనం నమిలినట్టుంది.

"అక్కా, ఇది కొట్లో కొన్నది!"

"మెల్లగా అరువు. తోపంతా వినాలా?"

"నీ షోరీసు ఏమైంది?"

"పంది ఉంటే కదా షోరీసు."

"ఈ ఏడు కొయ్యలేదా?"

"ఏ ఏడూ కొయ్యలేదు. మీ ఆయన పోయిన ఏడు కోసిందే ఆఖరు." ఎర్మీనియ గుడ్డ మీద రొట్టె పొడిని వేలితో కుప్పగా చేసింది. "పందిని కోస్తే పళ్ళేలు పంపాలి. మొదటి పళ్ళెం ఎవరికి పంపను?"

ఎటెల్వీనకు ఏడేళ్ళ కోపం ఒక్కసారి గొంతులోకి వచ్చేసింది.

"నాకు! నాకు పంపాలి! ఆ ఏడు ఎందుకు పంపలేదు? మొగుడు పోయినది, దీనింట్లోంచి పళ్ళెం తిరిగి రాదు అనేగా? ఊరంతా తిన్నారు. నేను గేటు చూస్తూ కూర్చున్నాను!"

"ఏంటే నువ్వనేది?" ఎర్మీనియ మొహం పాలిపోయింది. "తిరిగి రాదనా? పళ్ళెం తిరిగి రాదని నేను పంపలేదనుకున్నావా? ఇన్నేళ్ళూ అదే అనుకున్నావా?"

"మరేమనుకోమంటావ్?"

"తెచ్చాను. అమ్మ పళ్ళెంలోనే పెట్టి, నా చేత్తోనే తెచ్చాను. చీకటి పడ్డాక కొండ దిగి నీ గేటు దాకా వచ్చాను. తలుపుకి నల్లగుడ్డ ఉంది. లోపల్నుంచి నీ ఏడుపు వినిపించింది. చావింటికి పండగ కూడు పట్టుకెళితే పోయినవాణ్ణి చూసి నవ్వినట్టని అమ్మ చెప్పేది కదే. చేతిలో నెత్తురన్నం పొగలు కక్కుతోంది. ఎలా రాను లోపలికి? వెనక్కి తిరిగాను. ఏడాది పోయాక, ఆ నల్లగుడ్డ తీశాక తెద్దామనుకున్నా. ఈలోపు నువ్వు చర్చిలో నన్ను చూసి మొహం తిప్పుకున్నావు."

తినమని పెట్టిన రొట్టె ఎటెల్వీన చేతిలో అలాగే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు కూడా.

"తలుపు తట్టాల్సింది," అంది చివరికి.

"తట్టాల్సింది. నువ్వడగాల్సింది."

"అడగాల్సింది."

ఎర్మీనియ చెల్లెలి చేతిలోని రొట్టె తీసుకుని, ఆ కొన్న చక్రాలు కిందికి తోసేసి, బదులుగా ఉప్పుచేప వడ పెట్టింది. అది మాత్రం ఆమె చేత్తో చేసిందే. ఎటెల్వీన తింది. బంగాళాదుంప ఎంత, చేప ఎంత, కొత్తిమీర ఎంత, అంతా తల్లి చేతి పాళ్ళే. మరొకటి అడగకుండానే తీసుకుంది. దూరంగా బెల్మీరు బస్సు హారను మోగింది. సముద్రం నుంచి తిరిగొస్తున్న గ్రసీంద చెట్ల మధ్య ఆగిపోయి, ఆ గుడ్డ మీద ఎవరెవరు కూర్చున్నారో చూసి, జీవితంలో మొదటిసారి ఎవరినీ పిలవకుండా నిలబడింది.

"ఇల్లు అమ్మేశావా?" అడిగింది ఎటెల్వీన.

"మాటైంది. కోతలయ్యాక కాగితాలు."

"ఈ వారం సంతలో పందిపిల్లలొస్తాయి. ఒకటి కొందాం. నీ దొడ్లో కడదాం, కుడితి నేను మోస్తా."

"పిచ్చిదానా, ఇప్పుడు కొన్న పిల్ల ఈ చలికాలానికేం ఎదుగుతుంది? వచ్చే ఏడు చలికాలం దాకా కత్తికి రాదు."

"తెలుసు," అంది ఎటెల్వీన. "అందుకే కొందామంటున్నా."